సరిహద్దు నాటక సమాజాలకు ఉమ్మడి సామాను: సాధ్యమేనా, ఎలా నడపాలి?

కిమిడి హార్మోనియం (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో తెలుగు పద్యనాటకాలు, జానపద ప్రదర్శనలు ఇస్తున్న చిన్న జట్ల గురించి ఒక ప్రతిపాదనను ఇక్కడ చర్చకు పెడుతున్నాను. మా చుట్టుపక్కల ఆరు సమాజాల్లో దేనికీ పూర్తి సరంజామా లేదు. ఒకరి దగ్గర కిరీటాలు, భుజకీర్తులు ఉన్నాయి గాని తెరలు లేవు. మరొకరి దగ్గర రాజసభ తెర, అడవి తెర ఉన్నాయి గాని మైకు సెట్టు అద్దెకు తేవలసిందే. మా సమాజానికి ఉన్నది ఒక మంచి హార్మోనియం, ఒక మృదంగం, పాత ప్రతులతో నిండిన ట్రంకుపెట్టె మాత్రమే. ఏదైనా ఊరి నుంచి పిలుపు వస్తే లేనివన్నీ శ్రీకాకుళం వైపు నుంచి అద్దెకు తెచ్చుకుంటున్నాము. దుస్తుల అద్దె, వ్యాను బాడుగ, మేకప్ ఖర్చు చెల్లించేసరికి, ఊరివారు ఇచ్చిన పారితోషికంలో నటుల చేతికి దారి ఖర్చులు మిగిలితే అదే గొప్ప.

ప్రభుత్వ సాయం సంగతి కూడా చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పటి నుంచి మా ఊరు ఇటు, మా బంధువుల ఊళ్లు అటు ఉన్నాయి. ఒడిశా ప్రభుత్వం ముఖ్యమంత్రి కళాకార్ సహాయతా యోజన కింద వృద్ధ కళాకారులకు నెలనెలా ఇచ్చే సాయానికి అర్హులైన మా పెద్దలు తప్పకుండా దరఖాస్తు చేసుకోవాలి. అయితే అది మనిషికి అందే సాయమే గాని, దానితో జట్టుకు తెర రాదు. కేంద్రం ఏర్పాటు చేసిన ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాల్లో మేము కలకత్తా కేంద్రం పరిధిలోకి వస్తాము. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో అడుగుపెడితే, అక్కడి జట్టు తంజావూరు కేంద్రం వైపు చూడాలి. రెండు జట్లలోనూ వేషం కట్టే అర్జునుడు మాత్రం ఒక్కడే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను కూడా ముంచినప్పుడు, ఇక్కడి ఒక సమాజం తెరలు, పట్టుబట్టలు తడిసి ఎందుకూ పనికిరాకుండా పోయాయి. అప్పుడు అవతలి రాష్ట్రపు జట్టువారు ఎవరూ అడగకుండానే తమ తెరలు పంపించారు. అలా ఆపదలో జరిగిన పనిని ఒక పద్ధతిగా మార్చలేమా అన్నదే నా ప్రశ్న. ఒక గది తీసుకుని, అందరి సామానూ అందులో చేర్చి, ప్రతి ప్రదర్శన పారితోషికం నుంచి నూటికి 5 రూపాయలు మరమ్మతుల నిధికి జమ చేయాలని నా ఆలోచన. అనుభవజ్ఞులు లోపాలు చెప్పాలని మనవి.

తెరల చిత్రకారుడు (బరంపురం)

ఆలోచన మంచిదే. అయితే ఒకే గదిలో అన్నీ పడేస్తే మొదట పాడయ్యేవి తెరలే. ఇప్పటివారికి తెలియకపోవచ్చు గనుక కొంచెం వివరంగా రాస్తాను. చింతపిక్కలను నానబెట్టి, రుబ్బి, ఉడికించి తీసిన జిగురులో సుద్ద కలిపి గుడ్డకు పూసి, అది ఆరాక పొడి రంగులతో బొమ్మ వేస్తాము. ఆ పూత గట్టిపడిన తెరను దుప్పటిలా మడతపెడితే మడత వెంబడి చిట్లుతుంది. తర్వాతి ప్రదర్శనలో వెనక దీపం వెలిగినప్పుడు రాజసభ స్తంభాల మధ్య తెల్లటి గీత కనిపిస్తుంది. కాబట్టి తెరను మడవకూడదు. దాని వెడల్పుకు సరిపడే వెదురుగడకు చుట్టి, గోనెపట్టా కప్పి, నేలకు తగలకుండా రెండు దూలాల మీద పెట్టాలి. ఆ గడ వ్యానులో పట్టదు గనుక పైన కట్టుకోవాలి. ఇవన్నీ తెలిసిన మనిషి తెరతో పాటు వెళ్లకపోతే ఉమ్మడి తెర ఏడాది తిరగకుండానే చింపిరిగుడ్డ అవుతుంది. ఫ్లెక్సీ తెరలు చవకగా వస్తాయి గాని దీపం పడగానే అద్దంలా మెరుస్తాయి. రాముడి వెనక అరణ్యం అలా మెరవడం నాకు సహించదు. ఇది వృత్తిరీత్యా నా పక్షపాతమే అనుకోండి.

మరొక మాట. మా బరంపురంలో రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. తెలుగు మాట్లాడే దేరా నేతకులాలవారు దానికి ముందు నిలుస్తారు. అమ్మవారికి దేశిబెహరా (ఆ కులపెద్ద) ఇల్లు పుట్టిల్లు. యాత్ర రోజుల్లో వీధి వీధికీ పురాణఘట్టాల బొమ్మలతో రథాలు నిలబెడతారు, ఎవరి వీధి రథానికి ఆ వీధివారే చందాలు వేసుకుంటారు. ఏ వీధీ తన రథాన్ని ఉమ్మడి గిడ్డంగికి అప్పగించదు, అయినా యాత్ర అందరిదీ. ఈ సంగతి మీ ప్రతిపాదనకు పనికివస్తుందేమో ఆలోచించండి.

లెక్కల మాస్టారు (ఛత్రపురం, గంజాం జిల్లా)

గుమాస్తాగా కొన్ని సంఘాల లెక్కలు చూసిన అనుభవంతో రాస్తున్నాను. ఉమ్మడి నిధి అనగానే సంఘం రిజిస్ట్రేషను మాట వస్తుంది. 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం 7 మంది సభ్యులు ఉండాలి, నియమావళి రాసుకోవాలి, ప్రతి ఏటా కార్యవర్గం పేర్ల జాబితా దాఖలు చేయాలి. ఇవి కష్టమైన పనులు కావు. కేంద్ర సంస్కృతి శాఖ గ్రాంటులకు దరఖాస్తు చేయాలన్నా, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఎన్‌జీవో దర్పణ్‌లో నమోదు కావాలన్నా రిజిస్ట్రేషను ఉండవలసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి వేరే చట్టం ఉంది గనుక పాతపట్నం జట్టు మీ సంఘంలో ఎలా చేరాలన్నది విడిగా తేల్చుకోవాలి.

అసలు చిక్కు 1860 చట్టంలోని 14వ సెక్షన్‌లో ఉంది. సంఘం రద్దయిన రోజున అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు. దానిని మరొక సంఘానికే ఇవ్వాలి. అంటే, ఒక సమాజం తన తాతల నాటి కిరీటాలను ఈ ఉమ్మడి సంఘానికి దానంగా రాసి ఇచ్చి, నాలుగేళ్లకు మాటా మాటా వచ్చి సంఘం మూతపడితే, ఆ కిరీటాలు తిరిగి ఆ సమాజానికి రావు. చాలామంది దీనిని చదవకుండానే సంతకాలు పెడతారు. అందుచేత సామాను యాజమాన్యాన్ని మార్చవద్దని నా సలహా. వస్తువు ఎవరిదో వారిదే, సంఘానికి దక్కేది వాడుక మాత్రమే అని నియమావళిలో స్పష్టంగా రాయండి. సంఘం సొంత డబ్బుతో కొన్న మైకు సెట్టు, దీపాలు వంటివి మాత్రమే సంఘం ఆస్తి అవుతాయి. బ్యాంకు ఖాతాను ముగ్గురి పేరు మీద తెరిచి, ఏ ఇద్దరి సంతకంతోనైనా డబ్బు తీసే ఏర్పాటు చేసుకోండి.

గుణుపూర్ పాత్రధారి (గుణుపూర్, రాయగడ జిల్లా)

పెద్దలు కోప్పడకపోతే ఒక మాట. గది, తాళం, చట్టం గురించి ఇంత చర్చ జరిగింది గాని, మన పిలుపులన్నీ ఒకేసారి వస్తాయన్న సంగతిని ఎవరూ ప్రస్తావించలేదు. సంక్రాంతి, శివరాత్రి, శ్రీరామనవమి, ఆపైన గ్రామదేవతల సంబరాలు. నవమి పందిళ్లలో ఆ తొమ్మిది రాత్రులూ ఆరు జట్లకూ అవే కిరీటాలు కావాలి, అదే రాజసభ తెర కావాలి. మిగిలిన ఏడాదంతా ఆ గదిలో ఎలుకలు తప్ప ఎవరూ వేషం కట్టరు. ఒక జత కిరీటాలను ఆరుగురు పంచుకోవడం ఆషాఢంలో సులువు, చైత్రంలో అసాధ్యం. అప్పుడు గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే వారిదే నాటకం.

ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు సురభివారిని ఆదర్శంగా చూపిస్తారు గనుక, దానికి కూడా ముందే సమాధానం చెబుతాను. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన ఆ సమాజం తరతరాలుగా నిలిచింది. కాని అక్కడ నటుడు, తెర లాగేవాడు, వంట చేసేవారు అందరూ ఒకే వంశవృక్షపు కొమ్మలు. ఇంటి సొమ్ము ఇంట్లోనే తిరుగుతుంది. మన జట్లలో ఒకాయన రైల్వే ఉద్యోగి, ఒకాయన కిరాణా వ్యాపారి, ఒకాయన ఉపాధ్యాయుడు. వీరిని కలిపి ఉంచేది నాటకం మీది ఇష్టమే గాని రక్తసంబంధం కాదు. కాబట్టి వారి పద్ధతి మనకు అతకదు.

రంగస్థల నటి (రాయగడ)

ఈ చర్చలో ఇంతవరకు కిరీటానికి గది దొరికింది, తెరకు దూలం దొరికింది, హార్మోనియానికి నిధి దొరికింది. స్త్రీ పాత్రధారుల మాట ఎక్కడా రాలేదు. మేము ఒక్కొక్కరం మూడు నాలుగు సమాజాలకు వేషాలు కడతాము గనుక, నిజానికి ఇప్పటికే ఉమ్మడిగా ఉన్నది మేమే. ఒక సమాజం నన్ను శ్రీకాకుళం నుంచి మరొకరిని పిలిపించే ఖర్చు తప్పించుకోవడానికి పిలుస్తుంది. మరొక సమాజం అదే తేదీకి మాట తీసుకుంటుంది. చివరికి ఎవరో ఒకరికి మాట తప్పినదాన్ని నేనే అవుతున్నాను.

మాకు కావలసినవి డబ్బుతో కొనేవి కావు. వేషం మార్చుకోవడానికి లోపల గడియ పడే గది ఒకటి కావాలి. చాలా ఊళ్లలో బడి గదినే ఇస్తారు, దానికి తలుపు ఉంటుంది గాని గడియ ఉండదు. నాటకం తెల్లవారుజామున ముగిసినప్పుడు మొదటి బస్సు వచ్చేదాకా కూర్చోవడానికి ఒక ఇంటివారిని ఊరి పెద్దలు ముందే కుదర్చాలి. పసిబిడ్డ తల్లి వేషం కట్టవలసి వస్తే, బిడ్డను చూసుకునే మనిషికి కూడా భోజనం, దారి ఖర్చు లెక్కలో రాయాలి. బయానా తీసుకునేటప్పుడే ఈ మూడు మాటలూ ఊరివారితో చెప్పించగలిగితే, మీ సంఘంలో నేను మొదటి సభ్యురాలిగా చేరతాను. ఒక్కొక్క సమాజం విడిగా అడిగితే ఊరివారు మరొక సమాజాన్ని పిలుచుకుంటారు. ఆరు సమాజాలూ ఒకే మాట చెబితే వారికి వేరే దారి ఉండదు.

డప్పు దరువు (కాశీనగర్, గజపతి జిల్లా)

అమ్మ చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. దానికే తోడుగా నాదొక ప్రశ్న. మీరు చెబుతున్న ఆరు సమాజాల్లో మా డప్పు జట్టును లెక్కించారా, లేక మేము ఎప్పటిలాగే పిలుపు మీద వచ్చి వాయించి వెళ్లేవాళ్లమా? సంబరంలో ఊరేగింపు మొదలయ్యేది మా డప్పుతోనే. పారితోషికం పంచే సమయానికి నాటకంవారికి, హరికథవారికి, మైకువారికి ఇచ్చిన తర్వాత మిగిలినది మా చేతిలో పడుతుంది. భోజనాల పంక్తి గురించి రాయను, ఇక్కడివారందరికీ తెలుసు. తప్పెటగుళ్ల జట్లకు, జముకుల కథ చెప్పేవారికి కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి.

మాకు కిరీటాలు, తెరలు అక్కరలేదు. వానాకాలంలో డప్పు చర్మం కాచుకోవడానికి నాలుగు పుల్లలు, రెండు పిడకలు ఉంటే చాలు. మీ మరమ్మతుల నిధికి మా నూటికి 5 రూపాయలు కట్టి, మీ తెరకు వెదురుగడ కొనిపెట్టడం మాకు న్యాయమా? నిధి పెడితే అందులో నుంచి జబ్బుపడిన కళాకారుడికి, చనిపోయిన కళాకారుడి ఇంటికి మొదట ఇవ్వాలి. ఆ తర్వాతే వస్తువులకు ఇవ్వాలి. అలా రాస్తే మా జట్టు చేరుతుంది.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

దూరపువాడినే అయినా ఇది మా సరిహద్దుకు కూడా సంబంధించిన విషయం గనుక రాస్తున్నాను. సిరొంచలో మేము తెలుగు మాట్లాడుతాము, బడిలో మరాఠీ చదువుతాము, గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. మా జిల్లా ఉత్తర భాగంలో, చంద్రపూర్, గోందియా, భండారా జిల్లాల్లో ఝాడీపట్టీ రంగభూమి అని మరాఠీ నాటకాల సంప్రదాయం ఒకటి ఉంది. దానికి వడసా అనే ఊరు కేంద్రం. నాటక సంస్థలు ఆ ఒక్క ఊళ్లోనే కార్యాలయాలు పెట్టుకుంటాయి. పంటలు చేతికొచ్చే కాలంలో పల్లెల పెద్దలు అక్కడికి వచ్చి, ఒక సంస్థ ఖాళీగా లేకపోతే పక్క సంస్థను అడిగి, తేదీ కుదుర్చుకుని వెళతారు. దీపావళి తర్వాత మొదలై ఎండలు ముదిరేదాకా రాత్రంతా నాటకాలు నడుస్తాయి. ఆ సంస్థలు ఒకరికొకరు పోటీయే. తేదీలన్నీ ఒక్కచోట తెలియడం వల్లనే ఆ పోటీలో కూడా అందరికీ పని దొరుకుతోంది.

గుణుపూర్ మిత్రులు చెప్పిన చిక్కుకు విరుగుడు అందులోనే ఉందని నా అభిప్రాయం. మీరు గదితో మొదలుపెట్టకండి, తేదీల పుస్తకంతో మొదలుపెట్టండి. శ్రీరామనవమి తేదీని ఎవరూ ముందుకో వెనక్కో జరపలేరు. గ్రామదేవత సంబరం తేదీని మాత్రం ఊరి పెద్దలే నిర్ణయిస్తారు. పక్క ఊళ్లో ఇంకొక జట్టు ఆడుతోందని ముందే తెలిస్తే ఒక వారం అటూ ఇటూ మార్చడానికి చాలామంది ఒప్పుకుంటారు.

కిమిడి హార్మోనియం (పర్లాకిమిడి)

అందరికీ ధన్యవాదాలు. గది ఆలోచనను పక్కన పెడుతున్నాను. లెక్కల మాస్టారు చెప్పిన 14వ సెక్షన్ సంగతి మా సమాజం పెద్దలకు చదివి వినిపిస్తే, ట్రంకుపెట్టె తాళంచెవి ఒకాయన మొలతాడుకు కట్టుకున్నారు. వస్తువు ఎవరి ఇంట్లో ఉన్నది అక్కడే ఉంటుంది. ఎవరి దగ్గర ఏమున్నదో, ఏ స్థితిలో ఉన్నదో తెలిపే జాబితా మాత్రం అందరి దగ్గరా ఉంటుంది. ఆ జాబితాలో మా హార్మోనియం కూడా ఉంటుంది గనుక దాని విషయంలో నా షరతు చెబుతాను. వానాకాలంలో దానిని బయటకు పంపను. తేమకు తిత్తుల అతుకులు ఊడతాయి, రీడ్లకు తుప్పు పడుతుంది. మిగిలిన కాలంలో దానితో పాటు నేను గాని, నా శిష్యుడు గాని వస్తాము. పెట్టె ఒంటరిగా ప్రయాణించదు.

డప్పు దరువు గారి ప్రశ్నకు సూటిగా సమాధానం: మీరు లెక్కలో ఉన్నారు. సమాజాలన్నప్పుడు నా మనసులో ఉన్నవి పద్యనాటక జట్లే అయినా, ఈ పని డప్పు, తప్పెటగుళ్లు లేకుండా చేయడం నాకు ఇష్టం లేదు. జబ్బు, మరణం మొదట, వస్తువులు తర్వాత అన్న మీ మాట నియమావళిలో మొదటి వాక్యంగా రాద్దాం. పారితోషికం పంపకం కూడా ప్రదర్శనకు ముందే కాగితం మీద ఉండాలి. భోజనం అందరికీ ఒకే పంక్తిలో పెడతామని ఊరివారు ఒప్పుకున్న తర్వాతే బయానా తీసుకోవాలి. దీనివల్ల రెండు మూడు ఊళ్లు మనకు దూరమవుతాయని నాకు తెలుసు.

గుణుపూర్ పాత్రధారి (గుణుపూర్)

ఆ రెండు మూడు ఊళ్లలో మా ఊరు కూడా ఒకటి కావచ్చు, అయినా ఒప్పుకుంటున్నాను. రాయగడ నటి గారు అడిగిన గడియ సంగతి మాత్రం మేమే సరిచేయగలము. ఒక గడియ, నాలుగు మరమేకులు, ఒక స్క్రూడ్రైవరు మేకప్ పెట్టెలోనే పెట్టుకుని వెళితే సరిపోతుంది. బడివారు కూడా సంతోషిస్తారు. తేదీల పుస్తకానికి నా అభ్యంతరం లేదు. అయితే నవమి తొమ్మిది రాత్రుల విషయం ఇంకా తేలలేదు. ఆ రోజుల్లో కిరీటాలు ఎవరివో వారే వాడుకుంటారా?

గిరిసోలా కుర్రవాడు (గిరిసోలా, గంజాం జిల్లా)

నవమి విషయంలో ఒక సూచన. అందరూ తెరలు, కిరీటాలు కావలసిన నాటకాలే ఆడాలని ఎందుకు? 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి వారు బుర్రకథను ఊరూరా తీసుకెళ్లారు. నాజరు వంటి కథకులకు ఒక తంబురా, ఇద్దరు వంతలు, రెండు గుమ్మెటలు ఉంటే ఏ అరుగు మీదైనా కథ నడిచేది. ఆ తొమ్మిది రాత్రుల్లో కొన్ని పందిళ్లకు రామకథనే బుర్రకథగానో, హరికథగానో, జముకుల కథగానో ఇస్తే, కిరీటాలు పెద్ద పందిళ్లకు సరిపోతాయి. ముగ్గురితో నడిచే ప్రదర్శనకు వ్యాను కూడా అక్కరలేదు, బస్సులో వెళ్లవచ్చు.

ఇంకొక విషయం. మాలాంటి కుర్రవాళ్లు జట్లలోకి రావడం లేదని పెద్దలు అంటూ ఉంటారు. మేము ఇంట్లో తెలుగు మాట్లాడుతాము గాని, చదువుకున్నది ఒడియా బడిలో. తెలుగు ప్రతిని చేతిలో పెడితే కూడబలుక్కుని చదవడానికే పొద్దు చాలదు. మా జట్టులో మేము పద్యాలను ఒడియా అక్షరాల్లో రాసుకుని, గురువుగారు పాడినదాన్ని ఫోనులో రికార్డు చేసుకుని నేర్చుకుంటున్నాము. హ్రస్వ దీర్ఘాల దగ్గర గురువుగారు ఎర్ర సిరాతో గుర్తులు పెడతారు, ఒడియాలో రాసినప్పుడు ఎ, ఏ తేడా పోతుంది గనుక. కిమిడి గారి ట్రంకుపెట్టెలోని ప్రతులను ఫోటోలు తీసి పంపితే, మేము నలుగురం కూర్చుని ఒడియా అక్షరాల్లో ప్రతులు తయారుచేసి ఆరు జట్లకూ ఇస్తాము. మా దగ్గర కిరీటాలు లేవు, తెరలు లేవు, మేము వేయగలిగిన చందా ఇదే.

తెరల చిత్రకారుడు (బరంపురం)

బాబూ, ఇది చిన్న చందా కాదు. ఆ ట్రంకుపెట్టె ప్రతులు చెదలకు దక్కకముందే ఆ పని మొదలుపెట్టండి. నా వంతుగా, చిట్లిన తెరలు ఎవరివైనా బరంపురానికి పంపితే పూత సరిచేసి ఇస్తాను. కూలి అక్కరలేదు, గుడ్డ, రంగుల ఖర్చు ఇస్తే చాలు. ప్రతి జట్టు నుంచి ఒక కుర్రవాడిని కూడా పంపాలని మాత్రం నా షరతు, పూత పూయడం, గడకు చుట్టడం నేర్చుకుని వెళతాడు.

లెక్కల మాస్టారు (ఛత్రపురం)

తేదీల పుస్తకం ఎలా ఉండాలో ఒక నమూనా గీసి పంపుతాను. ఊరు, తేదీ, ప్రదర్శన రూపం, ఏ జట్టు, ఎవరి సామాను, స్త్రీ పాత్రధారి ఎవరు, తెల్లవారాక బస ఎక్కడ, బయానా ఎంత, పంపకం ఎలా అన్న గడులు ఉంటాయి. ఒకే పేరు ఒకే తేదీకి రెండుసార్లు పడితే ఆ రోజే ఇద్దరికీ కబురు వెళ్లాలి. వాట్సాప్ గుంపు పెట్టుకోండి, అయితే గుంపులో రాసినది మాట వరసగానే ఉండాలి, పుస్తకంలో ఎక్కినదే లెక్క. రిజిస్ట్రేషను ఈ ఏడాది వద్దు. ఒక నవమి, ఒక సంబరాల కాలం గడిచాక, అప్పటికి కూడా అందరూ మాట్లాడుకుంటూ ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

రంగస్థల నటి (రాయగడ)

పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది? సమాజం పెద్దల్లో ఎవరి దగ్గర ఉన్నా మిగిలిన అయిదు సమాజాలకూ అనుమానం తప్పదు. ఏ సమాజానికీ చెందనిదాన్ని, అన్ని సమాజాల్లోనూ వేషాలు కట్టేదాన్ని నేనే గనుక, అది నా దగ్గర ఉండాలని అడుగుతున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇక్కడే చెప్పండి.

డప్పు దరువు (కాశీనగర్)

మాకు అభ్యంతరం లేదు.

కిమిడి హార్మోనియం (పర్లాకిమిడి)

మాకూ లేదు. అమ్మా, మొదటి పేజీలో మా సమాజం పేరున ముక్కోటి ఏకాదశి తేదీ రాయండి, ఊరు పాతపట్నం. తెర గుణుపూర్ వారిది, కిరీటాలు బరంపురం వారివి అడుగుతున్నాము. ఊరేగింపుకు కాశీనగర్ డప్పు జట్టు వస్తుంది, వారి వంతు పారితోషికాన్ని బయానా రోజునే ఇప్పిస్తాను. బస విషయం ఊరివారితో మాట్లాడి రెండు రోజుల్లో తెలియజేస్తాను.